రెండు మైళ్ల ఏరు

1925 మార్చి 3

గెజిట్ వచ్చింది. మూడేళ్లుగా నేను పెట్టుకున్న అర్జీలకు జవాబు ఇవాళ పోస్టుమాన్ సైకిలు మీద వచ్చింది. రాళ్ల కట్ట నుంచి వెదురు వంతెన దాకా రెండు మైళ్ల ఏరు ఇక రిజర్వ్. అందులో తగరం తవ్వకూడదు. చేపల్ని చంపే తూబా వేరు దంచి నీళ్లలో కలపకూడదు. మందుగుండు పేల్చకూడదు. గాలం వేయాలన్నా వల విసరాలన్నా పెంగులు లైసెన్సు ఉండాలి. ఈ ఊళ్లకు సర్కారు నియమించిన పెద్దని, అంటే పెంగులుని, నేనే.

వంతెన దిగువన ఏరు చచ్చి చాలాకాలమైంది. తగరం గని పంపుల నుంచి వచ్చే నీళ్లు కుడితిలా ఉంటాయి. ఎగువ భాగమైనా మిగిలింది. కాఫీ కొట్టు దగ్గర అందరినీ పోగేసి చదివి వినిపించాను. మా బావమరిది అలాంగ్ గనిలో మేస్త్రీ. చేపలకు కూడా పట్టాలు ఇప్పించావు, మాకెప్పుడు ఇప్పిస్తావు బావా అన్నాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఇంటిదారిలో ఆలోచిస్తే ఆ మాట నచ్చలేదు. ఈ రెండు మైళ్ల కోసం వాళ్ల మేనేజర్ కూడా దరఖాస్తు పెట్టి ఉన్నాడు. అందులోని మడుగు అడుగున మంచి తగరం ఉందట.

నా భార్య మెలూర్ ఒక్కటే అడిగింది. ఆడవాళ్లు అక్కడ తగరం కోసం ఇసుక కడుక్కోవచ్చా అని. ఎలా కుదురుతుంది, ఇసుక కడగడానికిచ్చే దులాంగ్ పాస్ గని భూమిలోనే చెల్లుతుంది, ఇది గని భూమి కాదని ఇప్పుడేగా తేలింది అన్నాను. సరే అని కొబ్బరి తురుముతూ కూర్చుంది.

మార్చి 19

మడుగు ఒడ్డున ముగ్గురు ఆడవాళ్లు దొరికారు. నడుంలోతు నీళ్లలో నిలబడి దులాంగులు తిప్పుతున్నారు. ఆ వెడల్పాటి చెక్క పళ్లెంలో ఇసుక పోసి తిప్పితే తేలికదంతా కొట్టుకుపోయి నల్లటి తగరం అడుగున నిలుస్తుంది. ముగ్గురిలో ఒకరు యోంగ్ వదిన, మెలూర్‌కు అక్క. భర్త పోయాడు. ముగ్గురు పిల్లలు. రెండేళ్ల కిందట ఆమె వరిమడి గని ఇసుక కింద మోకాలి లోతున పూడిపోయింది.

పళ్లేలు స్వాధీనం చేసుకున్నాను. వదినను వదిలేస్తే మిగతా ఇద్దరూ ఏమంటారు? ఆమె వాదించలేదు. పళ్లెం నా చేతికిస్తూ, తడిగా ఉంది, చొక్కా పాడవుతుంది చూసుకో మరిదీ అంది.

మార్చి 20

మెలూర్ అన్నం పెట్టింది. తన వాటా అక్క ఇంటికి పట్టుకుపోయింది.

ఏప్రిల్ 6, ఉదయం 7

చేపలు చచ్చాయి. మడుగు మొత్తం తెల్లటి పొట్టలే. కెలాలు, జెల్లలు, వేలెడంత పిల్ల చేపలు. నీళ్లు పలుచటి పాలలా ఉన్నాయి. వాసన చూస్తే తెలిసిపోయింది. తూబా.

నేను వెళ్లేసరికే ఊళ్లో సగం మంది బుట్టలతో దిగి ఉన్నారు. ఉపవాసాల నెల. సాయంత్రం ఉపవాసం విడిచేటప్పుడు అందరి కంచాల్లోనూ చేపే. ఎవరు ముందు వచ్చారు అని అడిగాను. మేం వచ్చేసరికే ఇలా ఉంది పెద్దాయనా అని ఒక్కొక్కరే చెప్పారు. అందరూ తర్వాత వచ్చినవాళ్లే అయితే ముందు వచ్చిందెవరు?

అదే రోజు, 11 గంటలు

కూర్చుని ఆలోచించాను. చేపలు లేకపోతే రిజర్వ్ ఉండదు. రిజర్వ్ లేకపోతే ఆ భూమి గనికి పోతుంది. కాబట్టి ఇది తినడానికి చేసిన పని కాదు. అలాంగ్ ఏటి దగ్గర కనిపించలేదు. ఊరంతా వస్తే వాడెందుకు రాలేదు?

ఏప్రిల్ 8

జిల్లా ఆఫీసర్ వచ్చాడు. బూట్లు తడవకుండా రాయి మీద నిలబడి చూశాడు. పది రోజుల్లో మనిషిని పట్టుకోవాలన్నాడు. కాపాడటానికి చేపలే లేనప్పుడు ఈ కాగితం దేనికి పెంగులూ అని కూడా అన్నాడు. నవ్వుతూ అన్నాడు. ఆ నవ్వు ఎందుకో నాకు అర్థం కాలేదు. నిన్న రాత్రి అతను గని మేనేజర్ బంగళాలో భోంచేశాడట.

కాఫీ కొట్టులో అందరిదీ ఒకటే మాట. కొండమీది సెమాయ్ తెగవాళ్ల పనేనట. ఎండాకాలంలో తూబా దంచేది వాళ్లేగా అంటారు. వాళ్లలో తికోక్ అనేవాడు పేము చుట్టలు తెచ్చి కొట్టులో ఉప్పుకు మారుస్తుంటాడు. ఇవాళ ఎదురైతే నిలదీశాను. మేం ఏడాదికోసారి కలుపుతాం, కలిపేముందు నీకు చెప్తాం, చచ్చిన ప్రతి చేపా తింటాం అన్నాడు. పిల్ల చేపల్ని కుళ్లబెట్టినవాడు మావాడు కాదు పెంగులూ, వాడికి ఆకలి లేదు అన్నాడు.

నమ్మాను. ఇప్పటికి.

ఏప్రిల్ 9

అలాంగ్ ఇంటికి వెళ్లాను. ఊరికే వచ్చానన్నాను. వాడు నా మొహం చూసి, మంచం కింద కూడా చూసుకో బావా, చేపలు దాక్కున్నాయేమో అన్నాడు. చూశాను. కొత్త బూట్లున్నాయి. కంపెనీ అందరికీ ఇచ్చిందట. అందరికీ అంటే ఎవరెవరికి అని అడిగాను. వాడి భార్య లోపలికి వెళ్లిపోయింది. వాడు నవ్వడం మానేశాడు.

ఏప్రిల్ 10, శుక్రవారం

తూబా దంచితే దాని పాలు తగిలి చేతులు పొక్కుతాయి. ఈ సంగతి ముందే ఎందుకు తట్టలేదో. నమాజు తర్వాత మసీదు గుమ్మంలో నిలబడి ఒక్కొక్కరి చేతులూ రెండు చేతులతో పట్టుకున్నాను. సలాం చెబుతున్నాననుకున్నారు. అరవై ఏడు మంది. కొందరివి కాయలు కాశాయి, కొందరివి పగిలాయి. పొక్కిన చెయ్యి ఒక్కటీ లేదు. అలాంగ్ మాత్రం తన చేతులు ముందే చాపి అటూ ఇటూ తిప్పి చూపించాడు. వాడికెలా తెలిసింది?

ఏప్రిల్ 14

తికోక్ చేతుల మీద పుళ్లున్నాయి. ఉప్పు తీసుకోవడానికి చెయ్యి చాపితే చూశాను. పేము ముళ్లు గీసుకున్నాయన్నాడు. కావచ్చు. పక్కనే పోలీసు ఉన్నాడు. ఈ మనిషి చేతుల మీద పుళ్లున్నాయి అన్నాను. అంతకు మించి ఒక్క మాట అనలేదు. వాణ్ణి టౌనుకు తీసుకుపోయారు.

ఏప్రిల్ 15

నేను అబద్ధం చెప్పలేదు.

ఏప్రిల్ 18

తికోక్‌కు రెండు నెలలు వేశారట. ఏమైనా చెప్పుకుంటావా అని మేజిస్ట్రేట్ అడిగితే, ఈ ఇంటికి గోడలు ఎక్కువగా ఉన్నాయి అన్నాడట. కోర్టులో నవ్వారని గుమస్తా చెప్పాడు. ఆఫీసర్ నుంచి నాకు మెచ్చుకుంటూ ఉత్తరం వచ్చింది. చదివి మెలూర్‌కు వినిపించాను. పొయ్యి దగ్గర నుంచి ఇటు తిరగలేదు.

ఏప్రిల్ 25, పండుగ

తికోక్ భార్య, ఇంకా ఇద్దరు ఆడవాళ్లు పొద్దున్నే వచ్చి మా మెట్ల కింద కూర్చున్నారు. ఏమీ అడగలేదు. పండుగకని వచ్చేవాళ్లంతా వాళ్లను దాటుకుని పైకెక్కాల్సి వచ్చింది. మధ్యాహ్నం దాకా అలాగే ఉన్నారు. మెలూర్ అన్నం పొట్లాలూ మాంసం కూరా పట్టుకుని దిగింది. వాళ్ల ముందు పెట్టి అక్కడే కూలబడి ఏడ్చింది. యోంగ్ వదిన వచ్చి లేపుకుపోయింది.

జాలి ఉండటం మంచిదే. కానీ అంత ఏడుపా? మా అత్తగారు పోయినప్పుడు కూడా మెలూర్ అంత ఏడవలేదు.

ఏప్రిల్ 29, సాయంత్రం 4

ఇంటి వెనక మిరప తోటకు చీడ పడితే కొట్టడానికని కంచె పొడుగునా తూబా తీగలు పెంచుతాను. ఇవాళ మిరపాకులు ముడుచుకున్నాయని వేరు తవ్వడానికి వెళ్లాను. అరటాకులు పరిచి ఉన్నాయి. తీసి చూస్తే గుంతలు. ఏడు తీగలు వేళ్లతో సహా లేవు. మట్టి గట్టిపడింది. నిన్నా మొన్నా తవ్వింది కాదు.

ఊరంతా వెతికాను. నా పెరట్లోకి రాలేదు.

మెలూర్ వంటింట్లో ఉంది. చేతులు చూపించమన్నాను. పుళ్లు మానిపోయి చర్మం గులాబీరంగులో మెరుస్తోంది. మూడు వారాలుగా ఆ చేతులతోనే నాకు అన్నం పెట్టింది.

నేనే అంది. నేనూ అక్కా ఇంకో నలుగురం అంది. పేర్లు చెప్పబోతే వద్దన్నాను. చేపకు పట్టా ఉంది, మా అక్కకు లేదు, ఆవిడ పళ్లెం మీరే లాక్కొచ్చారు, పిల్లలకు ఏం పెట్టాలో కాగితంలో రాశారా అని అడిగింది. గని వస్తే ఆడవాళ్లకు పాసులొస్తాయి, అందుకే చేశాం అంది. తికోక్‌ను పట్టుకుపోతారని అనుకోలేదట. రేపో మాపో మీకే తెలుస్తుందని రోజూ ఎదురు చూశానండీ అంది. ఊళ్లో మగవాళ్ల చేతులన్నీ పట్టుకుని చూశారు, మా చేతుల వంక చూడనే లేదు అంది.

పోలీసు స్టేషనుకు తానే వెళ్తానని గుడ్డలు సర్దుకుంది. ఆపాను.

ఏప్రిల్ 30

ఇది వాళ్ల బుర్రలో ఎవరు పెట్టారు? అలాంగా? మేనేజరా? మెలూర్‌ను అదే అడిగాను. మా బుర్రలో ఏదైనా పెట్టాలంటే మగాడే రావాలా అంది.

మే 2

నిజం చెప్తే ఆరుగురు లోపలికి పోతారు. వదిన పిల్లలు మా ఇంటికి వస్తారు, మిగతావాళ్ల పిల్లలు ఎక్కడికో పోతారు. చెప్పకపోతే తికోక్ ఇంకో నెలన్నర గోడల మధ్య ఉంటాడు. అతనికి ఊరలవాటు లేదు, గది అలవాటు అసలే లేదు. అన్నం ముట్టడం లేదని గుమస్తా చెప్పాడు.

మూడు రోజులు గడిచిపోయాయి. ఈ మూడు రోజులూ అతనివి. నేను వాడుకున్నాను.

మే 4

ఆఫీసుకు వెళ్లాను. ఆ వేళ్లు మా తోటలోవి, తవ్వింది తికోక్ కాదు అని చెప్పాను. మరి ఎవరు అని ఆఫీసర్ నాలుగుసార్లు అడిగాడు. చెప్పను అన్నాను. నువ్వేనా అని అడిగాడు. మీకెలా తోస్తే అలా రాసుకోండి అన్నాను. పెంగులునే కోర్టుకెక్కిస్తే పరువు సర్కారుది పోతుంది. చివరికి గుమస్తా ఒక కాగితం తెచ్చాడు. ఆరోగ్యం బాగాలేక ఉద్యోగం మానుకుంటున్నానట. సంతకం పెట్టాను.

తికోక్‌ను సాయంత్రం వదిలారు. గేటు బయట ఎదురు చూశాను. ఎముకల మీద చర్మం వేలాడుతోంది. నా మాట వల్లే లోపలికి పోయావు అన్నాను. తెలుసు అన్నాడు. ఇద్దరం ఒకే దారిలో వచ్చాం. అతను ముందు నడిచాడు. నేను వేగం పెంచితే అతనూ పెంచాడు.

మే 21

కాఫీ కొట్టులో నేను కూర్చుంటే మాటలు ఆగిపోతున్నాయి. రిజర్వ్ కోసం అర్జీలు పెట్టినవాడే గనికి అమ్ముడుపోయి చేపల్ని చంపించాడట. అలాంగ్ నా బల్ల దగ్గరికొచ్చి, మేనేజర్ దగ్గర నాకంటే నీకే పలుకుబడి ఉందన్నమాట బావా, నాకు బూట్లే ఇచ్చాడు అన్నాడు. కొట్టంతా వినేలా అన్నాడు. వాడి మంచం కింద వెతికినవాణ్ణి నేనే. కాఫీ తాగేసి లేచాను.

మెలూర్ నిజం చెప్పేస్తానంటోంది. చెబితే ఆరుగురూ లోపలికి పోతారు అన్నాను. మీకిది శిక్షగా ఉందా, గొప్పగా ఉందా అని అడిగింది.

జూన్ 17

గెజిట్‌లో రిజర్వ్ రద్దయింది. రెండు మైళ్లూ గని భూమి. పంపు బిగిస్తున్నారు.

జూన్ 29

దులాంగ్ పాసులు వచ్చాయి. ఆరుగురు పెట్టుకుంటే ఇద్దరికే ఇచ్చారు. యోంగ్ వదినకు వచ్చింది. మెలూర్‌కు రాలేదు. మిగతావాళ్లు వచ్చే ఏడాది రండి అన్నారట. వదిన పాస్ కాగితం తెచ్చి మా ఇంట్లో పెట్టి, ఇది అందరం కలిసి వాడుకోవచ్చా మరిదీ, నువ్వు రూల్సు చదివినవాడివిగా అని అడిగింది. పాస్ మీద ఉన్న పేరు గల మనిషే కడగాలి అని చెప్పాను. వదిన కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి పట్టుకుపోయింది.

జూలై 8

తికోక్ వచ్చాడు. మెట్లెక్కలేదు. మా వాళ్లం ఇక్కణ్ణుంచి వెళ్లిపోతున్నాం, మీ కాగితం ఏటి పైకి ఎంతదాకా వస్తుంది అని అడిగాడు. సర్వే వాళ్లు ఇంతవరకు అడుగు పెట్టని చోటు నాకొకటి తెలుసు. చెప్పాను. ఇది కూడా ఎవరికైనా చెప్తావా అన్నాడు.

ఆ చోటు పేరు ఇక్కడ రాయను.