తన పేరంటానికి తానే వచ్చిన కామాక్షమ్మ

చిట్టమూరు,
జూన్ 3

చిరంజీవి ఉషకు నాయనమ్మ దీవెనలు.

నీ ఉత్తరం అందింది. ప్రవీణ్‌ను వదులుకుంటానని రాశావు. మనసుపడి పెళ్లి చేసుకునే ఈ ఇంటి ఆడపిల్లను కామాక్షమ్మ ప్రాణాలతో ఉండనివ్వదని మీ నాన్న చెప్పాడట. చదువుకున్నదానివి, నమ్మావు. తిట్టడానికి కూడా నాకు ఓపిక లేదు. విను.

కామాక్షమ్మ మీ తాతకు మేనత్త. ఈ మేడలోనే పుట్టింది. మనతో ఏళ్ల తరబడి కోర్టుల్లో కొట్లాడిన సంగం జమీందారు చిన్నకొడుకును ఇష్టపడింది. సరస్సులో మునిగి చనిపోయిందని మనవాళ్లు ఊరికి చెప్పారు. అప్పటినుంచి మేడమీద ఆమె అడుగుల చప్పుడు వినిపిస్తుందంటారు. పెళ్లి కాకుండా పోయింది కనుక ఏటా పొరుగూరి ముత్తయిదువను ఆమె పీట మీద కూర్చోబెట్టి, పసుపు రాసి, చీర పెట్టి, భోజనం వడ్డిస్తాం. అది నీకూ తెలుసు.

నేను కాపురానికి వచ్చిన ఏడు, ఆ పీట మీద కూర్చున్న పెద్దావిడ కాళ్లకు పసుపు రాసే పని నాకు పడింది. గోడమీద దండ వేసిన ఫోటో చూసి ఆమె నవ్వాపుకోలేకపోయింది. నా చెవి దగ్గరికి వంగింది.

"పిల్లా, నా పేరంటానికి నేనే వచ్చినా. ఆ ఫోటోలో జడ మా అమ్మ అల్లింది."

"మీరు చచ్చిపోలేదా?"

"యాడ చస్తా? కాలవలో పడవెక్కి మద్రాసు పోయినాం. ఇన్నేళ్లకి పక్కూరికొచ్చి ఉంటే మీవాళ్లు నన్నే పేరంటానికి పిలిచినారు, ఒక్కరూ గుర్తుపట్టలా. ఆయన బయట బండిలో ఆకలితో కూర్చోనుండాడు. రెండు గారెలు నా కొంగున కట్టు. మేం బతికున్నన్నాళ్లు ఎవరికీ చెప్పబాక, రెండిళ్లోళ్లూ కత్తులు తీస్తారు."

మాట ఇచ్చాను. తరువాత బతికున్న మనిషికి ఎన్నో ఏళ్లు పేరంటం పెట్టి అలిసిపోయాను. ఇప్పుడు ఆ ఇద్దరూ లేరు. రేపు మీ నాన్నతో మాట్లాడతాను. అంతవరకు ఆ అబ్బాయికి ఏమీ చెప్పకు.

నీ నాయనమ్మ,
పెంచలమ్మ

చిట్టమూరు,
జూన్ 6

ఉషమ్మా,

మీ నాన్నకు అంతా చెప్పాను. విస్తుపోతాడనుకున్నాను. పేపరు మడిచి పక్కన పెట్టాడు.

"దెయ్యం లేదని నాకు తెలుసులేమ్మా."

"మరి పిల్లకెందుకు చెప్పినావు ప్రసాదూ?"

"చేపలు పట్టే చెంగయ్య కొడుక్కి మన పిల్లనిస్తామా? ఆ మాట నేనంటే ఉష నా మొహం చూడదు. కామాక్షమ్మ పేరు చెప్తే వింటదని..."

నాకు నీరసం వచ్చింది. ఆ మహాతల్లి పేరు చెప్పి ఇంకా ఎంతమంది తమ మాట నెగ్గించుకున్నారో.

"అయితే వద్దనే మాట నీ పేరుతోనే చెప్పు. లేదంటే ఈసారి పేరంటంలో ఊరందరి ముందూ నేను నోరు విప్పుతా."

నెల గడువు అడిగాడు. అన్నం వేళ దాకా ఇచ్చాను. తినకుండానే లేచి చొక్కా మార్చుకున్నాడు.

"వాళ్లింటికి ఏం తీసుకుపోవాలమ్మా?"

మన మగవాళ్లు ఆ జాలర్ల వాడకు వెళ్తే కారు దిగరు, మనుషులనే బయటికి పిలిపించుకుంటారు.

"చెప్పులు గడప బయట విడిచి లోపలికి పో. వాళ్లు పెట్టింది తిను," అన్నాను.

ఇందాక ఫోన్ చేశాడు. చేపల పులుసు తింటుంటే గొంతులో ముల్లు ఇరుక్కుందట, ప్రవీణ్ వాళ్లమ్మ అన్నం ముద్ద మింగించిందట. నీవల్లే అని నన్ను విసుక్కున్నాడు. ముహూర్తం సంగతి వాళ్లు అడిగారట. నువ్వు శనివారం బయలుదేరి రా.

అలసిపోయిన నీ నాయనమ్మ,
పెంచలమ్మ