దగ్గిన గుర్రం

అమ్మా సున్నేవా,

నీ ఉత్తరం అందింది. పండుగ సాయంత్రం వస్తానన్నావు. రావద్దు తల్లీ. నా కొడుకు హ్లీనుర్ పెళ్లాడదామనుకున్న పిల్లవి, నీ మీద నాకు కోపమేమిటి? చెప్పకపోతే గుండె పగిలేలా ఉందని రాస్తున్నాను. చిన్నప్పుడే బడి మాని చేపల ఫ్యాక్టరీలో కత్తి పట్టినదాన్ని, రాతలో తప్పులుంటే సర్దుకో.

క్రిస్మస్ ముందు సాయంత్రం ఊరంతా ఒకరికొకరు పుస్తకాలు కానుకిచ్చుకుని, ఎవరిది వాళ్లు పట్టుకుని మంచమెక్కుతారు. మా ఇంట్లో రెండు పుస్తకాలెప్పుడూ లేవు. నేను కూడబలుక్కుని చదివేసరికి ఈస్టర్ వస్తుందని హ్లీనుర్ ఒకటే కొనేవాడు. వాడు చదివేవాడు, నేను స్వెట్టర్ అల్లుతూ వినేదాన్ని. పోయినసారి తెచ్చింది ఒక నవ్వుల ప్రేమకథ. కథంతా మగవాడే చెబుతాడు. ఈత నేర్పే పంతులు. పశువుల డాక్టరమ్మ మీద మనసుపడి, ఆమెను రప్పించడానికి పక్కింటివాళ్ల గుర్రం తనదేనని, దానికి దగ్గని ఫోన్ చేస్తాడు. గుర్రమేమో గుండ్రాయిలా ఉంది. ఇక ఆమె కారు రాగానే తనే దాని వెనక నక్కి దగ్గుతాడు. హ్లీనుర్ నా కుర్చీ వెనక్కి పోయి అచ్చం అలాగే దగ్గాడు. నా సూదుల మీంచి అల్లిక జారిపోయింది.

"ఒరేయ్, ఇలాంటి వెర్రివాడు ఎక్కడైనా ఉంటాడా?" అన్నాను.

"ఎందుకుండడమ్మా? సున్నేవాతో మాట కలపడానికి బాగున్న నా సైకిల్ టైరుకి నేనే గాలి తీశాను. తనకి మాత్రం చెప్పకు."

ఇప్పుడు చెప్పేశాను.

డాక్టరమ్మ కారు దిగేచోట పేజీ మడిచి, మిగతాది తను చేపలవేటకెళ్లే పడవ తిరిగొచ్చాక అన్నాడు. పడవ రాలేదు. సముద్రం వాణ్ని తిరిగి ఇవ్వనూ లేదు.

మొన్న ఆదివారం ఆ మడత దగ్గర తెరిచాను. అక్షరం అక్షరం పట్టుకుని చదివాను. డాక్టరమ్మ గుర్రం గుండె మీద గొట్టం పెట్టి విని, "గుర్రం బాగానే ఉంది. దాని వెనక దగ్గేవాడు బయటికి రావచ్చు" అంటుంది. నాకు నవ్వొచ్చింది సున్నేవా. గొంతు నిండా నవ్వాను. నవ్వుతూ, "చూశావట్రా!" అని వాడి కుర్చీ వైపు తిరిగాను.

కుర్చీ ఖాళీ. కొడుకును పోగొట్టుకున్నది ఇలా నవ్వుతుందా? సిగ్గుతో చచ్చిపోయాను. వాడు లేని నవ్వు నాకెందుకు? రేపు దాన్ని దుకాణంలో ఇచ్చేస్తాను. అట్ట మీద దుకాణంవాళ్లు అంటించిన మార్పిడి చీటీ ఇంకా అలాగే ఉంది. ఈ ఇంట్లో ఇక పుస్తకం లేదు, పండుగ లేదు. నువ్వు చిన్నదానివి, నన్ను వదిలెయ్.

ఏమీ మిగలని
స్టెయిన్వర్

*

నా తల్లీ సున్నేవా,

పుస్తకం మారలేదు. దుకాణం నడిపే డీర్లేవ్ చీటీ చూసి, "దీని గడువు పోయిన జనవరికే తీరిపోయింది కదే! సర్లే, నీ కోసం మారుస్తాను. ఇదే పుస్తకం ఇంకోటి కానుకగా వచ్చిందా, ముందే చదివేశావా?" అంది. మనవాళ్లు మార్చుకునేది ఆ రెండింటికే కదా.

"ఇందులో ఎవరూ చావరు" అన్నాను.

వరుసలో నిలబడ్డవాళ్లు తలలు దించుకున్నారు. డీర్లేవ్ పేజీలు తిప్పి ఆగింది.

"ఈ మడత ఎవరిది?"

"వాడిదే."

"మరి దీన్ని నేనెవరికి అమ్మనే?" అని పుస్తకం నా సంచిలో కుక్కింది. "పో, ఇంటికి పో" అని కసిరింది. దాని కళ్లలో నీళ్లు.

నీకు చెప్పలేదుగానీ, ఆ పుస్తకం వదిలించుకుని నేనూ సముద్రం వైపు నడుద్దామనుకున్నాను. ఏ బస్సెక్కానో కూడా తెలియలేదు. నా వెనక సీట్లో ఎవరో దగ్గారు. పిచ్చిదానిలా గిరుక్కున తిరిగాను. ఎవరో ముసలాయన. "జలుబమ్మా" అన్నాడు బిక్కమొహంతో. అక్కడే నవ్వాను, ఏడ్చాను, ఏది ఏదో నాకే తెలియలేదు. పాపం ఆయన వెళ్లి ముందు సీట్లో కూర్చున్నాడు. కళ్లు తుడుచుకుని చూస్తే మా ఇంటి స్టాపు.

బాధ తగ్గిందనుకోకు. తగ్గదు. కానీ ఆ వెర్రివాణ్ని గుర్రం వెనకే వదిలేసి పోలేను.

పండుగ సాయంత్రం రా. మిగతాది నువ్వు చదువు. వాడిలా గొంతు మార్చకు, నీ గొంతుతోనే చదువు. నేను ఏడిస్తే ఆపకు. నవ్వితే మాత్రం కాస్త ఆగు. వాడి కుర్చీ వైపు ఒకసారి చూసుకుంటాను.

అల్లిక సూదులు బయటికి తీసిపెట్టుకున్న
నీ స్టెయిన్వర్