నక్క తిన్న ఇడ్లీ

మంగళవారం

షోళింగనల్లూరు ఆఫీసులకి కారు ట్రిప్పులు ముగించి ఇల్లు చేరేసరికి ఒళ్లు హూనమైంది. పాప చేతికి ఫోన్ ఇచ్చేద్దామనిపించింది. అయినా కథల పుస్తకమే తెరిచాను.

"నక్క మీ అమ్మ చేసిన ఇడ్లీ తిని, కడుపు పట్టుకుని ఏడ్చింది" అని చదివాను.

వంటింట్లోంచి మా ఆవిడ, "రేపట్నించి నీకు ఆ నక్కే వండి పెడతాది పో" అంది.

పాప పుస్తకం లాక్కుని, వేలు పెట్టి ఒక్కో అక్షరం కూడబలుక్కుంది. "ఈడ ఇడ్లీనే లేదు నాయనా. చేప అనుండాది."

తెలుగు అక్షరం చూస్తేనే పారిపోయే పిల్ల, నన్ను పట్టుకోవడానికి వాక్యం మొత్తం చదివింది. ఇక ఎంత అలిసినా రోజూ ఒక అబద్ధం చదవాల్సిందే. కానీ అబద్ధం కలపాలంటే ముందు అసలు కథ తెలియాలి. నేనేమో ఐదో తరగతితో బడి మానేసినవాణ్ణి.

పాప పడుకుంది. రేపటి పేజీ ఇప్పుడు నేను కూడబలుక్కుంటున్నాను.