ఎడమకాలి మట్టె

2025 జూన్ 9, సోమవారం

ఇవాళ నాకు మళ్లీ రెండు కాళ్లు కనిపించాయి.

ఆస్పత్రి ఫిజియోథెరపీ డిపార్ట్‌మెంట్‌లో తనూజ అనే పిల్ల రీసెర్చ్ చేస్తోంది. సంతోష్‌నగర్ నుంచి స్కూటీ మీద వస్తుంది. తీసేసిన కాలు ఎందుకు నొప్పి పెడుతుందన్నది ఆమె టాపిక్. నాకన్నా మంచి స్పెసిమెన్ దొరకదు. షుగర్ పుణ్యాన పోయిన ఏడాది నా ఎడమకాలు మోకాలి కిందికి తీసేశారు. కాలు పోయింది. నొప్పి మాత్రం ఇల్లు ఖాళీ చేయనంటోంది, మా ఆడపడుచు నాగమణమ్మ లాగే.

నన్ను మంచం మీద కూర్చోబెట్టి కాళ్ల మధ్య నిలువుగా అద్దం పెట్టింది. తీసేయగా మిగిలిన ఎడమకాలి మొండి అద్దం వెనక, కుడికాలు ముందు. వంగి చూస్తే అద్దంలో ఎడమకాలు! కుడి పాదం ఆడిస్తే అదీ ఆడింది. కాలు పోయినా మెదడులో దాని మ్యాప్ చెరగదట. అక్కడి నుంచి కబురు అందక మెదడు గాభరా పడుతుందట, ఆ గాభరానే మనకు నొప్పట. కాలు చూపిస్తే నెమ్మదిస్తుందట. మెదడును జర మోసం చేస్తున్నం అంతే, ఫికర్ చెయ్యకండి టీచరమ్మా, అని నవ్వింది.

ముప్పై ఏళ్లు ఉమెన్స్ కాలేజీలో జువాలజీ చెప్పాను. మెదడు తీసేసిన కప్ప కాలి మీద యాసిడ్ చుక్క వేస్తే అది కాలు విదిలించేది, పిల్లలు నోట్స్ రాసుకునేవాళ్లు. ఆ కప్పలన్నీ కలిసి పైకోర్టులో గెలిచినట్టున్నాయి.

నొప్పి తగ్గితేనే పెట్టుడు కాలికి కొలతలు తీస్తామన్నారు. మొండి మీద చెయ్యి పడితేనే కేక పెట్టే మనిషికి కాలు ఎట్లా తొడుగుతారు? అది వస్తేనే నా ప్రస్తుత జీవితాశయం తీరుతుంది. నాగమణి భుజం పట్టుకోకుండా బాత్రూమ్ దాకా నడవడం.

అద్దంలో కాలిని చూస్తే సంతోషం కలగలేదు. అది ఎవరిదో అనిపించింది. దానికి ఏదో తక్కువైంది.

జూన్ 10, ఉదయం ఐదు

మళ్లీ అదే వేలు.

జూన్ 14, శనివారం

మనవరాలు ఇంద్రజ బేగంబజార్ నుంచి అద్దం తెచ్చిపెట్టి ఆఫీసుకు పోయింది. ఇక రోజూ ఇంట్లోనే. అద్దం బయటికి తీస్తే నాగమణి గదిలోకి అడుగుపెట్టదు. లేని కాలును చూపెట్టే అద్దం ఇంట్ల ఉండొద్దు వదినె, అంటుంది. నేను చూడడం అవగానే వచ్చి దాని మీద చీర ముక్క కప్పి పోతుంది, పీనుగ మీద కప్పినట్టు.

తనూజ నొప్పి ఎట్లా ఉంటుందని అడిగినప్పుడు మంట అన్నాను. అబద్ధం. ఆమెకు చెప్పనిది ఇక్కడ రాస్తాను.

నొప్పి పెట్టేది మట్టె. ఎడమ పాదం రెండో వేలికి ఉండే వెండి మట్టె.

మా ఆయన వైకుంఠం గారిది పురానాపూల్‌లో తాళ్ల దుకాణం. పెళ్లయిన దగ్గర్నుంచి పోయేదాకా నన్ను పేరు పెట్టి పిలవలేదు. పిల్చే అవసరం లేకుండా ఒక పద్ధతి పెట్టుకున్నాడు. పొద్దున ఐదింటికి మంచం కాళ్ల వైపు నిలబడి నా ఎడమకాలి మట్టెను రెండు వేళ్లతో పట్టుకుని సగం చుట్టు తిప్పేవాడు. లే, టీ పెట్టు, అని దాని అర్థం. చేతులకు ఎప్పుడూ కొబ్బరి పీచు వాసన.

రెండేళ్ల కింద ఆయన పోయాడు. పదో రోజున మట్టెలు తీశారు. తర్వాత ఆ వేలు తీశారు. తర్వాత కాలే తీశారు. ఇప్పుడు పొద్దున ఐదింటికి మట్టె తిరుగుతుంది. సరిగ్గా సగం చుట్టు. ఆపైన బిగుసుకుంటుంది, వేలు తెగేదాకా ఎవరో లాగుతున్నట్టు.

నేను చదివిన జువాలజీలో దయ్యాలకు వర్గీకరణ లేదు.

జూన్ 18

అద్దం ముందు ఇరవై నిమిషాలు. వచ్చిన నొప్పి సాయంత్రం దాకా పోలేదు. అన్నం సహించలేదు. నాగమణి చేసిన పచ్చిపులుసు బాగుంది, ఆ మాట ఆమెకు చెప్పలేదు.

జూన్ 23, సోమవారం

తనూజ ముఖం మాడ్చుకుని కూర్చుంది. తన పేషెంట్లందరికీ తగ్గుతోందట. కిషన్‌బాగ్ నుంచి వచ్చే భిక్షపతి అనే వెల్డర్ చెయ్యి పోగొట్టుకున్నవాడు, అతను ఇప్పుడు మస్తు నిద్ర పోతున్నడట. నాకు మాత్రం అద్దం చూసినకొద్దీ ఎక్కువవుతోంది. మొదట పదికి ఆరు అనేదాన్ని, ఇప్పుడు ఎనిమిది. ఇంకో వారం చూసి మిమ్మల్ని స్టడీలోంచి తీసేయమంటున్నరు మా రీసెర్చ్ గైడ్, టీచరమ్మా, పెరిగే నొప్పిని పెంచుడు తప్పు గద, అని కళ్లు దించుకుంది.

క్లాసులో ఎప్పుడూ ఫస్ట్ వచ్చినదాన్ని. డెబ్బై నాలుగేళ్ల వయసులో ఒక అద్దం దగ్గర ఫెయిలవడం బాగాలేదు.

ఆటోలో ఇంద్రజ నా చెయ్యి పట్టుకుంది. మొండి వైపు చూడలేదు. స్టడీ పోతే అద్దం వైద్యం ఆగుతుంది, దాంతో కొలతలు పోతాయి, ఇక చక్రాల కుర్చీయే గతి. ఇద్దరికీ తెలుసు. మూసీ దాటుతుంటే ఇద్దరం ముక్కులు మూసుకున్నాం. మాట్లాడకుండా ఉండడానికి అదొక సాకు.

జూన్ 26, గురువారం

చెప్పేశాను.

తనూజ నవ్వలేదు. ఉంగరాలు, వాచీలు, బిగుతు చెప్పులు, పోయిన కాళ్లకూ చేతులకూ ఇవన్నీ తెలుస్తూనే ఉంటాయని తను చదివిందట. తర్వాత కుర్చీలోంచి లేచి నిలబడింది. మెదడేమో మట్టె ఉందంటోంది, అద్దంలో పాదానికి మట్టె లేదు. మీ మెదడు మోసపోలే టీచరమ్మా, మనల్ని పట్టుకున్నది, అంది. అందుకే అద్దం చూసినప్పుడల్లా లొల్లి. ముందు కుడి వేలికి మట్టె పెట్టి అద్దాన్ని మెదడుతో ఒప్పించాలట. ఆ తర్వాత, చూస్తూ ఉండగా, మెల్లగా తీయాలట. ఇది పుస్తకాల్లో ఉన్న పద్ధతి కాదని, గైడ్‌ను అడిగి చెప్తానని కూడా అంది.

ఆపైన అడగకూడని ప్రశ్న అడిగింది. మట్టె తీసినప్పుడు నొప్పి పుట్టిందా?

పుట్టలేదు. అదే సంగతి.

పదో రోజున కుడి మట్టె వచ్చేసింది. ఎడమ పాదం వాచి ఉంది, రాలేదు. సబ్బు రాశారు, దారం చుట్టి లాగారు. బయట బంధువులు, పంతులు కేకలు. వేళ దాటిపోతున్నదని నాగమణి దుకాణంలోంచి, తాళ్ల కట్టల తీగ తెంచే కటింగ్ ప్లయర్ తెచ్చింది. మట్టె తెగింది, దాంతో పాటు వేలు కూడా కొంచెం. షుగర్‌తో ఆ పాదం ఎప్పుడో మొద్దుబారింది. నాకేం తెలియలేదు. నెత్తురు చూసిన వాళ్లు పసుపు అద్దారు, ఆ రోజు నా కాలిని పట్టించుకునే తీరిక ఎవరికుంది, నాకు మాత్రం ఉందా? వారం తర్వాత వాసన వచ్చింది.

ఉన్న కాలికి తెలియని నొప్పి లేని కాలికి తెలుస్తోంది. రెండేళ్లు ఎక్కడ ఆగిందో, ఇప్పుడు ఇల్లు వెతుక్కుంటూ వచ్చింది.

అట్లా అని ఖాయంగా చెప్పలేమని, సైన్స్‌కు ఇంకా అంత దూరం తెలియదని తనూజ అంది. తెలియదు అనగలిగిన పిల్ల. నచ్చింది.

జూన్ 28, శనివారం

ఆస్పత్రి నుంచి సరేనని ఫోన్ వచ్చింది. నాగమణికి చెప్పక తప్పలేదు. పొద్దున ఐదింటి సంగతి వినగానే చేతిలో చిక్కుడుకాయలు వదిలేసింది. అన్న వచ్చిండు వదినె, నిన్ను లేపుతుండు, అంది. దర్గాకు పోయి తాయెత్తు తెస్తానని బయల్దేరబోయింది. మీ అన్న వస్తే టీ కోసం వస్తాడు, నా వేలు కోసుకుపోవడానికి కాదు, అన్నాను.

ప్లయర్ సంగతి నేనెత్తలేదు. ఆమె కూడా ఎత్తలేదు. ఈ రెండేళ్లలో ఎప్పుడూ ఎత్తలేదు. డ్రెస్సింగ్ మార్చే వేళకు ఆమెకు మేడ మీద ఏదో పని పడేది.

మట్టె పెట్టుకోవాలి అనేసరికి మాత్రం గొంతు లేచింది. మొగడు లేనిదానికి మట్టెలేంది, గల్లీల ఏమనుకుంటరు, గా డాక్టర్ పిల్లకు తెల్వకపోతే నీకు తెల్వదా, గింత సదువుకున్నవ్, అని. చదువుకున్నాను కాబట్టే, అన్నాను. తలుపు గట్టిగా వేసి పోయింది.

జూలై 1

మూడు రోజులుగా నాగమణి నాతో మాట్లాడటం లేదు. ఇల్లు ప్రశాంతంగా ఉంది. భరించలేకుండా ఉంది.

జూలై 2, బుధవారం

మధ్యాహ్నం నాగమణి వచ్చి మంచం అంచున కూర్చుంది. తన వక్కల డబ్బా తెరిచింది. వక్కల కింద గుడ్డ మూట, అందులో నా మట్టెలు. ఒకటి నిండుగా, ఒకటి తెగి నోరు తెరుచుకుని.

పురానాపూల్ వంతెన మీది నుంచి మూసీలో వేసి వచ్చానని ఆ రోజు అందరికీ చెప్పింది. పూల్ దాకా పోయిన వదినె, చేతిల చల్లగున్నయి, విసిరేయ బుద్ధి కాలే, అంది. ఇన్నాళ్లూ రోజూ అదే డబ్బాలోంచి వక్క తీసి నోట్లో వేసుకుంది.

నా కుడి పాదం ఒళ్లో పెట్టుకుని రెండో వేలికి మట్టె తొడిగింది. ఆమె మొగుడు పోయినప్పుడు ఆమెకు ముప్పై ఏళ్లు కూడా నిండలేదు. ఎవరి కాలికీ మట్టె తొడగడానికి ఆమెను పిలిచినవాళ్లు లేరు.

అద్దం పెట్టాం. ఈసారి తను బయటికి పోలేదు. అద్దంలో ఎడమ పాదం, దానికి మట్టె. తెలిసేదీ కనిపించేదీ మొదటిసారి ఒక్కటయ్యాయి. లోపల ఎవరో అరుస్తూ అరుస్తూ టక్కున ఆగిపోయినట్టు.

అప్పుడే సత్తెమ్మ వచ్చింది, పక్కింటి పాలావిడ, గల్లీ మొత్తానికి రేడియో. నాగమణి తన కొంగు లాగి నా పాదం మీద పరిచేసింది. వదినెకు సలి పెడుతున్నది, అని చెప్పింది. ఎండలో నడిచొచ్చి చెమటలు కక్కుతున్న సత్తెమ్మ మా ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. ఆమె వెళ్లగానే ఇద్దరం నవ్వాం, చాలా రోజుల తర్వాత. నాగమణికి ఎక్కిళ్లు వచ్చాయి.

ఇవాళే తీయొద్దన్నాను. రేపు తనూజ వచ్చాక చూద్దాం.

జూలై 3, ఉదయం ఐదు

తిరిగింది. సగం చుట్టు. బిగుసుకోలేదు. అక్కడే ఆగి ఉంది, కొబ్బరి పీచు వాసనతో.

లేచాను, అని పైకే అన్నాను.

అదే రోజు, సాయంత్రం

తనూజ వచ్చింది. పేషెంట్ తనే తీసుకోవాలట, వేళ్లు అందేంతగా నా నడుము వంగదు. ఇంటివాళ్లెవరైనా తీయొచ్చంది. నాగమణి అప్పటికే కొబ్బరినూనె గిన్నె పట్టుకుని నిలబడి ఉంది.

నన్ను అద్దంలోంచి చూపు తిప్పొద్దన్నారు. తిప్పలేదు. కుడి వేలి మీద నాగమణి వేళ్లు, అద్దంలో ఎడమ వేలి మీద నాగమణి వేళ్లు. నూనె రాసింది. కొంచెం తిప్పింది. ఆగింది. మళ్లీ నూనె. నొప్పి లేస్తే చెప్పమని తనూజ నా ముఖమే చూస్తోంది. కణుపు దగ్గర బిగిసింది. ఆ పాత లాగుడు మోకాలి దాకా ఎక్కి వచ్చింది, ఆపమన్నాను. నాగమణి చెయ్యి తీయలేదు, లాగలేదు, ఊరికే పట్టుకుని కూర్చుంది. అది దిగేదాకా.

నా మట్టెలు గుంజిన్రు, మా అత్తనే గుంజింది, నొస్తున్నదా అని ఒక్కరు అడగలే, అంది తల ఎత్తకుండా. కొంచెం ఆగి, గప్పుడు నేను గిట్ల తీసుంటే అయిపోయేది గద వదినె, కాలుండేది గద, అంది.

వెంట్రుక పీకుతున్నావు, చూసి తియ్యి, అన్నాను.

మట్టె వచ్చేసింది. అద్దంలో వేలి చుట్టూ తెల్లటి గీత కూడా లేదు. తనూజ పదికి ఎంత అని అడిగింది. నాకు లెక్క తోచలేదు. నాగమణి మట్టెను కొంగుతో తుడుస్తూనే ఉంది, ఎంతసేపో.

జూలై 12, శనివారం

రోజూ అదే. తొడుగుతుంది, తీస్తుంది. నొప్పి ఒక రోజు దిగుతుంది, ఒక రోజు ఎక్కుతుంది, ఎక్కినా మునుపటి మెట్టు దాకా పోదు. ఇవాళ రెండు. కొలతలు తీసుకున్నారు. ఒక్క మనిషితో ఏమీ రుజువు కాదని తనూజ తనకు తానే చెప్పుకుంటోంది, నవ్వు మాత్రం ఆపుకోలేకపోతోంది. గల్లీలో బోనాల డప్పులు మొదలయ్యాయి. ఎడమ పాదం తాళం వేసింది. కుడిది వేయలేదు.

ఐదింటికి ఇంకా తిరుగుతోంది. రోజురోజుకీ మెత్తగా. ఆ సంగతి తనూజకు చెప్పలేదు. తగ్గించేస్తుంది.

జూలై 19

ఏడింటికి మెలకువ వచ్చింది. ఎవరూ లేపలేదు.

ఎడమ పాదానికి చలిగా ఉందన్నాను. నాగమణి ఏమీ అడగలేదు. దుప్పటి లాగి, పాదం ఉన్న చోటే కప్పి, అంచు కిందికి దోపింది.