కుందేటి మడుగులో కొరమీను

1934 జూన్ 18. ఉదయం 6.
నేటి నుండి ఏటికి కొత్తనీరు వచ్చేదాకా మడుగులో చేపలను ఎవరినీ పట్టనివ్వను. నేనూ తినను. సముద్రంలో దిగి చేపలను పట్టక, ఊరికే చూసి వచ్చే మనుషుల గురించి ఒక కరపత్రం మూడుసార్లు చదివాను. వాళ్లకు రాగి టోపీ. నాకు అవ్వ వంట చేసే ఇత్తడి గుండిగ. బోర్లించి, నాపరాళ్లు కట్టి ముంచితే లోపల గాలి నిలుస్తుంది. అందులో తల దూర్చి ఊపిరి తీసుకోవచ్చు. ఇంత సులభమైన పని మా ఊళ్లో ఇంతవరకు ఎవరూ చేయకపోవడం సిగ్గుచేటు.

జూన్ 19.
దిగాను. గుండిగ నిండా చింతపులుసు వాసన. అయినా ఊపిరి ఆడింది. నీళ్లలో కళ్లు తెరిచాను. తూర్పుబండ కింద మూరెడు కొరమీను. చుట్టూ ఎర్రని పోగుల్లా వందల పిల్లలు. చెయ్యి చాపగానే తల్లి వేలు కరిచింది. ఊళ్లో నాకంటే కోపిష్టి ఉందని తెలిసి గౌరవం కలిగింది.

జూన్ 21.
చేపలు పట్టే దాసన్నకు గంటసేపు బోధించాను.
"పిల్లలుండే కొరమీను జోలికి మేం పోమప్పా. మా తాతల నాటి కట్టు అది."
"ముందే చెప్పకూడదా?"
"నువ్వు యాడ చెప్పనిస్తివి?"

జూన్ 23.
దాసన్న ఒక్కడే మారితే చాలదు. దండోరా వేయించాను: తూర్పుబండ కింద మూరెడు కొరమీను ఉంది, ఎవరూ పట్టరాదు. తప్పెట మూడు ఊళ్లకు వినబడింది.

జూన్ 24.
మూడు ఊళ్లవాళ్లూ గాలాలతో వచ్చారు. ఒకాయన నన్నే అడిగాడు.
"ఏమప్పా, తూర్పుబండ యాడుండాది?"
గాలాలు లాగి పారేశాను. వాళ్లు నన్ను మడుగులో పారేశారు. చేప మాత్రం దొరకలేదు. పొద్దుగూకేదాకా నీళ్లలోనే కాపలా.

జూన్ 25.
చలిజ్వరం. దిగలేదు. ఒక్కరోజుకు నిష్ఠ చెడదు.

జూన్ 28.
లేవలేకున్నాను. అవ్వ ఏదో మిరియాల చారు పోసింది. నాలుకకు ప్రాణం వచ్చింది. రెండో గిన్నె అడిగాను.
"ఏం చారు అవ్వా?"
"తాగి పండుకోరా ఓబులేసూ. ఆరాలెందుకు?"

జూన్ 29.
మూడో గిన్నె. అడుగున ముల్లు తగిలింది. కొన్ని కూరగాయలకు ముళ్లుంటాయి.

జూలై 1.
కర్ర పట్టుకుని మడుగుకు పోయాను. దాసన్న మోకాలి లోతు నీళ్లలో నిలబడి కొంగలను తోలుతున్నాడు.
"తల్లి ఏది?" అన్నాను.
అతడు నా మొహం చూడలేదు.
"మీ అవ్వ వచ్చి నా కాళ్లు పట్టుకునిందప్పా. పిల్లోడు దక్కడు, కొరమీను చారు పోస్తేనే లేస్తాడు అనింది. పెద్దామె కాళ్లు పట్టుకుంటే ఏం జేసేది? మా తాతల కట్టు తప్పితి."
తిట్టాలని నోరు తెరిచాను. మూడు గిన్నెలు తాగిన నోరు. మూసుకున్నాను.
"తల్లి లేని పిల్లల్ని కొంగలు, జెల్ల చేపలు మింగుతాండాయి. పొద్దున్నుంచి ఈడే ఉండా" అన్నాడు.

జూలై 2. ఉదయం 6.
నేటి నుండి కొత్తనీరు వచ్చేదాకా పిల్లలకు కాపలా పొద్దున నేను, మధ్యాహ్నం దాసన్న. పిల్లలను ఎంచబోయాను. నిలవలేదు. కాసేపటికి అన్నీ వచ్చి నా కాళ్ల మధ్య నీడలో చేరాయి. వాటికి ఏమీ తెలియదు. కాలు కదపకుండా నిలబడ్డాను.