ఐస్ డబ్బాలో అక్క రక్తం

మే 4
ఇవాళ అక్క మా ల్యాబ్‌కి వచ్చింది, రక్తం ఇవ్వడానికి. లూపస్ ఉన్నవాళ్ల తెల్లకణాల్లో ఒక ఎంజైమ్ ఎంత చురుగ్గా ఉందో, ఆరోగ్యంగా ఉన్నవాళ్లతో పోల్చి చూస్తున్నాం. కొలిచేది నేను. అక్కకి లూపస్, అంటే ఒంటిని కాపాడాల్సిన కణాలే ఒంటి మీద పడే జబ్బు, వచ్చి తొమ్మిదేళ్లు. ఇన్నాళ్లూ నా మీదే కత్తిగట్టిన కణాలు ఇప్పటికి ఎవరికో పనికొస్తున్నాయిరా అని మురిసిపోయింది. నర్సుకి నరం దొరకలేదు. నాలుగో పోటుకి దొరికింది. అక్క కిక్కురుమనలేదు. నేనే గోడవైపు తిరిగాను.

మే 4, సాయంత్రం 6
గాడిదని. అడ్డగాడిదని.
ఏసీ పాడైంది. బెంచి మీద ఎండ. ఎండ తగిలితే అక్క ముఖం కందిపోతుంది. తొమ్మిదేళ్లుగా కర్టెన్లు వేసేది, గొడుగు పట్టేది నేనే. ఆ అలవాటులో చెయ్యి దానంతటదే అక్క ట్యూబుని ఐస్ డబ్బాలో పెట్టేసింది. ఈ పరీక్షకి రక్తాన్ని ఐస్‌లో పెట్టకూడదని కొత్తవాళ్లకి పాఠం చెప్పేది కూడా నేనే! మధ్యాహ్నం మైక్రోస్కోప్‌లో చూస్తే సగం కణాలు చచ్చి ఉన్నాయి. మిగతావాళ్ల ట్యూబుల్ని కాస్త నీడలోకి జరిపానంతే. అవి నిక్షేపంగా ఉన్నాయి.

మే 5
ల్యాబ్ మేడంకి చెప్పాను. తిట్టలేదు. అక్క శాంపిల్‌ని లెక్కలోంచి కొట్టేయొచ్చు, లేదా పన్నెండో తేదీలోపు మళ్లీ రక్తం తీయొచ్చు, మీ అక్క ఇష్టం అన్నారు.
కొట్టేస్తే అక్కకి తెలియనే తెలియదు.

మే 6
నా కణాలు ఏమంటున్నాయిరా అని అన్నం తింటూ అడిగింది. పని జరుగుతోంది అన్నాను. మోచేతి దగ్గర నాలుగు నల్లమచ్చలు.

మే 8
ఇవాళా చెప్పలేదు.

మే 9
చెప్పేశాను.
ఒక్కసారైనా పనికొచ్చాననుకున్నా కదరా అంది అక్క. అంతకన్నా చెంపదెబ్బ నయం. అసలు ఐస్‌లో ఎందుకు పెట్టావు అని అడిగింది. ఎండ పడుతోంది అక్కా అన్నాను. నన్నే చూసింది. తర్వాత పడీపడీ నవ్వింది. నీ ప్రేమ చల్లగుండా, నిలువునా గడ్డకట్టించావు కదరా అంటూ కళ్లు తుడుచుకుంది. రెండో చెయ్యి ఖాళీగానే ఉందిగా అంది.
ఇలాంటి అక్క ఇంకెవరికీ ఉండదు. రాసిపెట్టుకుంటున్నాను.

మే 11, ఉదయం
నరం రెండో పోటుకే దొరికింది. ఐస్ డబ్బాని పక్కగదిలో పెట్టి తాళం వేశాను.

మే 11, మూడు గంటలు
రీడింగ్ ఎంతో ఎవరికీ చెప్పకూడదు, రూల్. అక్కకి ఫోన్ చేసి, నూటికి తొంభై ఏడు కణాలు బతికే ఉన్నాయని మాత్రం చెప్పాను.
మిగతా మూడింటికీ ఏమైందిరా అని నిలదీసింది.