ఊపిరాడ్డం నేదు అన్న మాట

అన్నయ్యకి నీ చెల్లెలు సత్యవతి దండం పెట్టి రాస్తున్న ఉత్తరం.

నువ్వు, వదిన, చిన్నది బాగున్నారనుకుంటున్నాను. అమ్మ మోకాలి నొప్పి ఎలా ఉంది? నేనిక్కడ బాగానే ఉన్నాను, బెంగ పెట్టుకోకండి. నువ్వు నా ఫోను ఎత్తడం లేదు కాబట్టి ఉత్తరం రాస్తున్నాను. కోపంతో చించెయ్యకుండా ఆఖరిదాకా చదువు.

ద్వారకా నగర్‌లో కళ్ళజోళ్ళ షాపు పని బాగానే సాగుతోంది. రోజంతా నిలబడే ఉండాలి, అంతే. వన్ టౌన్‌లో నా గదికి గాలి వస్తుంది గానీ, ఆరేసిన బట్టల మీద పోర్టు బొగ్గు నల్లటి పొడి పడుతుంది. ఈ ఉక్కపోతకి అన్నం సహించడం లేదు. ఎవరైనా ఎలమంచిలి నుంచి ఇటు వస్తుంటే అమ్మ పెట్టిన మాగాయ కొంచెం పంపించండి. ఆదివారాలు మాత్రం తోచదు, మాట్లాడే మనిషి ఉండడు. బాగానే ఉన్నానులే.

పోయిన ఆదివారం షాపులో నాతో పనిచేసే గౌరి, షబానా నన్నొక ఆటకి తీసుకెళ్ళారు. ఎస్కేప్ రూమ్ అంటారు. మనల్ని గదిలో పెట్టి తాళం వేస్తారు. లోపల దాచిన చీటీలూ అంకెలూ వెతికి, గంటలోగా తాళాలు తీసుకుని బయటికి రావాలి. కోరి మరీ తాళం వేయించుకోవడం ఏమిటని నవ్వుకున్నాను. షబానా వాళ్ళ నాన్నకి పాత ఊళ్ళో తాళాల షాపు ఉంది. ఆ పిల్ల చీటీలు చూడనే లేదు, జడపిన్ను పెట్టి మొదటి తాళం తీసేసింది. "మేడమ్, అలాక్కాదండీ, క్లూ చూసి తియ్యాలండి" అని ఆట నడిపే అతను పైనున్న మైకులోంచి మొత్తుకున్నాడు. కడుపుబ్బ నవ్వాం.

రెండో గదికి వెళ్ళాలంటే గోడ అడుగున చిన్న కంత. పాక్కుంటూ పోవాలి. గౌరి ముందు దూరింది, తరవాత నేను, నా వెనక షబానా. సగం దూరంలో నా చేతులు కదలడం మానేశాయి. పైన చెక్క వీపుకి తగులుతోంది. ముందంతా చీకటి. గౌరి అవతల నుంచి "ఏటే, ఆగిపోనావేటి? రాయే" అంటోంది. నోరు తెరిస్తే ఒకటే మాట వచ్చింది. "ఊపిరాడ్డం నేదే."

అన్నయ్యా, అది నీ మాట. ఓడల ట్యాంకులు కడిగే పనికి వైజాగ్ వచ్చి, నాలుగు రోజులకే ఇంటికి తిరిగొచ్చి నువ్వన్న మాట. పిన్ని గృహప్రవేశంలో గుండె మీద చెయ్యేసుకుని, కళ్ళు తేలేసి, నీ గొంతుతో నేను అందరికీ చేసి చూపించాను. పడిపడి నవ్వారు. నాన్న అందరికంటే గట్టిగా నవ్వాడు. నువ్వు విస్తరి ముందు నుంచి లేచి వెళ్ళిపోయావు. ఆ తరవాత ఊళ్ళో పిల్లలు కూడా నిన్ను చూస్తే అలాగే చేసేవారు. అది నేను నేర్పిందే.

షబానా నా పాదం పట్టుకుంది. "నాను నీ ఎనకే ఉన్నాను. కాలు వదల్ను. మెల్లగా ఎనక్కి రా" అంది. అలాగే వెనక్కి పాకాను. షబానా కేకెయ్యగానే ఆట నడిపేవాళ్ళు తలుపు తీశారు. బయటి మెట్ల మీద కూలబడ్డాను. వాళ్ళిద్దరూ నవ్వలేదు. గౌరి తన చున్నీతో నా మొహం తుడిచి, "బయమని ముందే సెప్పొచ్చు గదే, మానీద్దుం" అంది.

నువ్వు చెప్పావు అన్నయ్యా. చెప్పినందుకే మేం నవ్వాం. నాకు కేకేస్తే తలుపు తీసే మనిషి ఉన్నాడు. ఆ ఇనప ట్యాంకులో నీకెవరున్నారు? సిగ్గుతో చచ్చిపోతున్నాను.

అదే పనికి సోమవారం మళ్ళీ బయలుదేరుతున్నావని వదిన చెప్పింది. ఖాళీ ఉందని నాన్నకి చెప్పింది నేనే. వెళ్ళకు. నిన్న నాన్నకి ఫోను చేసి జరిగిందంతా చెప్పాను, నిన్ను పంపొద్దని ఏడ్చాను. తిడతాడనుకున్నాను. తిట్టలేదు. మెల్లగా, "వానలో కూడా నాను అరుగు మీదే పడుకుంతాను గదా. గాలి కోసం కాదమ్మా. గది తలుపేత్తే నాకూ అంతే. మీ అమ్మకి కూడా తెల్దు" అన్నాడు. ఆడికి సెప్పకు అని కూడా అన్నాడు. నేను చెప్పేస్తున్నాను.

సోమవారం ఇంట్లోనే ఉండు. అమ్మకి, నాన్నకి, పిన్నికి నా దండాలు. వదినని అడిగానని చెప్పు. చిన్నదానికి ముద్దులు. నన్ను తిట్టాలనిపిస్తే ఫోను చేసి తిట్టు, పడతాను.

నిన్ను నలుగురిలో నవ్వులపాలు చేసిన
నీ చెల్లెలు
సత్యవతి